ఓణీల ఫంక్షనుకు లైవు ఎందుకక్కా

మల్కాజ్‌గిరి, సికింద్రాబాద్,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు,

నీ చెల్లెలు భారతి నమస్కరించి రాసేది. మేమిద్దరం ఇక్కడ క్షేమంగా ఉన్నాం. అక్కడ నువ్వూ, బావగారూ, అమ్మా, మన లాస్యా కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. అమ్మ మోకాళ్ళకు నేను పంపిన తైలం రాసుకుంటోందా, లేక బీరువాలో దాచి వచ్చినవాళ్ళకు చూపిస్తోందా? బావగారు ఊరగాయ తగ్గించారా? ఫోనులో అడిగితే ‘ఆఁ ఆఁ’ అని తప్పించుకుంటావు కాబట్టి కాగితం మీద అడుగుతున్నాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటే అని నవ్వుతావు. నవ్వు. ఫోను చేస్తే స్పీకరు పెట్టి పోపు వేసుకుంటావు, ఇంటిల్లిపాదీ వింటారు. వాట్సాప్‌లో రాస్తే నీకంటే ముందు లాస్య చదువుతుంది. నాకేమో నీ ఒక్కదానితోనే మాట్లాడాలని ఉంది. అందుకే పోస్టాఫీసుకు వెళ్ళి కవరు అడిగాను. అక్కడి గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, వెతికి తెచ్చి ఇచ్చాడు.

లాస్య పెద్దమనిషి అయిందని నువ్వు ఫోను చేసినప్పుడు నేను స్కూల్లో స్టాఫ్‌రూములో ఉన్నాను. నిన్నగాక మొన్న నా ఒళ్ళో కూర్చుని నా గాజులతో ఆడుకున్న పిల్ల కదా. సంతోషంతో కళ్ళు తడిశాయక్కా, నిజంగా. నువ్వేమో ఒక్క గుక్కలో అన్నీ చెప్పేశావు. ఆషాఢం వెళ్ళగానే ఫంక్షను, హాలు మాట్లాడేశారు, సెంటర్లో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టిస్తారు, స్టూడియో వాళ్ళు యూట్యూబ్‌లో లైవు ఇస్తారు, కువైట్‌లో ఉన్న మీ ఆడపడుచు కూడా కూర్చున్నచోటే చూస్తుంది. నేను అన్నిటికీ సరే సరే అన్నాను. ఫోను పెట్టేశాక మాత్రం నా మనసు మనసులో లేదు.

ఫంక్షను చెయ్యి, ఘనంగా చెయ్యి. ఆ లైవు మాత్రం వద్దక్కా. ఆ ఫ్లెక్సీ కూడా వద్దు. ఇది అడగడానికే ఈ ఉత్తరం. వెంటనే మొహం ముడుచుకోకు. ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే ఇక్కడి సంగతులు కొన్ని చెప్పాలి. పొయ్యి కట్టేసి ఓపిగ్గా చదువు.

మేం వచ్చి మూడు నెలలు కావస్తోంది కదా. మేడ మీద రెండు గదులు. కింద ఇంటావిడ సత్తమ్మగారు ఉంటారు. మొదట్లో ఆవిడ మాటలు నాకు సగమే అర్థమయ్యేవి, నా మాటలు ఆవిడకు నాటకంలో మాటల్లా ఉండేవట. ఇప్పుడు ఇద్దరం సర్దుకున్నాం. పచ్చిపులుసు చేసిన రోజున గిన్నెడు పైకి పంపిస్తారు, ‘జెర తిను బిడ్డా, ఎండిపోతున్నవ్’ అంటారు. నేను ఎండిపోవడం లేదు, అమ్మకు చెప్పు. బాగానే తింటున్నాను. కాకపోతే ఇక్కడ ఎంత వెతికినా మన కందిపొడి రుచి రావడం లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే ఒక సీసా పంపించు, కొత్తావకాయ కూడా కొంచెం. మీ మరిదికి ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఆయన లేని సాయంత్రాలు మాత్రం తోచదక్కా. వాన పడుతుంటే మెట్ల మీద కూర్చుని చూస్తాను. ఆ టైముకి నువ్వు పెరట్లో బట్టలు తీస్తూ అమ్మను కేకేస్తుంటావు అనుకుంటాను. అలా అనుకుంటే కాసేపు గడుస్తుంది. బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

స్కూలు చిలకలగూడలో. లోకల్ రైలెక్కి సికింద్రాబాద్ స్టేషన్లో దిగి నడుచుకుంటూ పోతాను. కింద కిరాణా కొట్టూ, మందుల షాపూ, పైన మా బడి. ఆషాఢం బోనాలని ఈ నెలంతా డప్పుల మోతలోనే పాఠాలు చెప్పాను. గొంతు పోయింది. వీధికి అడ్డంగా అన్నీ ఫ్లెక్సీలే, ఒకదాని మీద ఒకటి. చిన్న బడే గానీ పిల్లలు బంగారం. ప్రిన్సిపల్ గారు పెద్దాయన, మంచివారు. ఆయనకు దేవుడంటే భక్తి, తల్లిదండ్రులంటే భయం.

ఎనిమిదో తరగతి సైన్సులో కౌమారదశ అని ఒక పాఠం ఉంది. ఆడపిల్లలకు, మగపిల్లలకు ఆ వయసులో ఒంట్లో ఏమేం మారతాయి, ఎందుకు మారతాయి అని. ఈ పాఠం చెప్పే పద్ధతి ఏ బడిలోనైనా ఒకటే. టీచరు పుస్తకం తెరిచి, ‘ఇది సులువే, ఇంటి దగ్గర చదువుకోండి’ అని తర్వాతి పాఠానికి వెళ్ళిపోతుంది. మరీ ధైర్యవంతురాలైతే మగపిల్లల్ని ఆటలకు పంపేసి, ఆడపిల్లలకు తలుపులేసి చెవిలో చెప్పినట్టు చెబుతుంది. బయటున్న మగపిల్లలు కిటికీ దగ్గర చేరి వాళ్ళకు తోచింది ఊహించుకుంటారు. మా బడిలోనూ ఇంతే. నేను మాత్రం అందరినీ కూర్చోబెట్టే చెబుతానన్నాను. ప్రిన్సిపల్ గారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. చివరికి, చెప్పండి గానీ తలుపు తీసే ఉంచండి మేడం అన్నారు. తలుపు తీసే ఉంచాను. ఆయన వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, తిరుగుతూ, ఆఖరికి ద్వారం దగ్గరే నిలబడిపోయారు. పాఠం మొత్తం విన్నారు.

మొదటి పది నిమిషాలు పిల్లలు డెస్కుల్లో తలలు దూర్చి నవ్వారు. నేను కూడా కాసేపు నవ్వనిచ్చాను. తర్వాత నెలసరి గురించి, కడుపులో బిడ్డ పెరిగే సంచి గురించి, మన వంటావార్పూ గురించి చెప్పినంత మామూలుగా చెబుతుంటే ఒక్కొక్కరూ తలెత్తారు. ఒక అబ్బాయి లేచి, తన గొంతు బొంగురుపోయిందనీ, ఇంట్లో అందరూ నవ్వుతున్నారనీ, అందుకే భజనకు వెళ్ళడం మానేశాననీ చెప్పాడు. ఆ గొంతుతోనే చెప్పాడు. అది జబ్బు కాదు నాన్నా, నీ గొంతు పెద్దదవుతోంది, కొన్నాళ్ళకు కుదురుకుంటుంది అన్నాను. వాడి మొహంలో ఆ నిశ్చింత చూడాల్సింది నువ్వు. ఇంత చిన్న మాట చెప్పేవాళ్ళు లేకనే కదా పిల్లలు ఫోనులో వెతుక్కుంటారు. అక్కడ వాళ్ళకు దొరికేవి నీకు నేను రాయలేను.

అందుకే ఆ పాఠం అయ్యాక ఫోను గురించి కూడా చెప్పాను. నీ ఒళ్ళు నీది, నీకు ఇష్టం లేకుండా ఎవరూ ముట్టుకోకూడదు, అలాగే నీ ఫోటో నీది. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు ఫోటో పంపొద్దు, పేరూ బడీ వీధీ చెప్పొద్దు. ఎవరైనా బెదిరిస్తే ఆ మెసేజీలు తుడిచెయ్యకుండా ఉంచి ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించండి, తప్పు బెదిరించేవాడిది గానీ మీది కాదు అని చెప్పాను. బాగా చెప్పాననే అనుకున్నాను. అప్పుడు మూడో వరసలోంచి శ్రీజ లేచింది. నెమ్మదైన పిల్ల, ఎప్పుడూ లేవదు.

“మేడం, మన ఫోటోలు మనం పెట్టొద్దంటున్నరు గదా. ఇంట్లోళ్ళే పెడితే ఎవలకు చెప్పాలె?”

ఆలోచించి చెబుతానమ్మా అన్నాను. బెల్లు కొట్టారు. మర్నాడు శ్రీజ బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వారం గడిచింది. కడుపునొప్పి అని వాళ్ళమ్మ కబురు చేసిందని ఆఫీసులో చెప్పారు. నాకు ఆ ప్రశ్న మనసులోంచి పోలేదు. ఒకరోజు బడి వదిలాక వాళ్ళ ఇల్లు అడుగుతూ వెళ్ళాను.

బడి వెనక సందులోనే ఇల్లు. శ్రీజ నాన్నకు రెజిమెంటల్ బజార్లో బ్యాగుల కొట్టు ఉంది. అమ్మ జ్యోతి ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. నేను వెళ్ళేసరికి బల్ల మీద గుడ్డ పరిచి కత్తిరిస్తోంది. టీచరు ఇంటికి వచ్చిందని హడావుడి పడిపోయి కుర్చీ తుడిచింది, చాయ్ పెట్టింది. శ్రీజ వంటింటి గుమ్మంలో తెర పట్టుకుని నిలబడింది. మనిషి సగమైపోయింది. డాక్టరుకు చూపించాం, మందులు వాడుతున్నాం, తగ్గడం లేదు మేడం అంది జ్యోతి. ఆ తర్వాత నన్ను సంతోషపెడదామని, ఇంటికి వచ్చే కస్టమర్లందరికీ చూపించినట్టే, ఫోను తీసి నాకూ ఒక వీడియో చూపించింది. పోయిన ఎండాకాలం చేసిన శ్రీజ ఫంక్షను.

“చూడుండ్రి మేడం, మా బిడ్డ ఎంత ముద్దుగున్నదో. శాన మంది చూసిండ్రు.”

నిజంగానే ముద్దుగా ఉంది. పూలజడ, వడ్డాణం, బుగ్గ మీద చుక్క. వీడియో మొదట్లోనే ఆహ్వాన పత్రిక, దాని మీద పిల్ల పేరు, ఇంటిపేరు, నాన్న పేరు, కొట్టు అడ్రసు, జ్యోతి ఫోను నంబరు. ‘నూతన వస్త్రాలంకరణ మహోత్సవం’ అని బంగారు అక్షరాలు. పన్నెండేళ్ళ పిల్ల ఒంట్లో ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో, ఆ పిల్ల ఎక్కడ ఉంటుందో, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ తర్వాత పాటలు పెట్టి, పిల్లను పొగమంచులోంచి నడిపించి, ఓరగా చూడమని, జడ ముందుకు వేసుకోమని తీసిన ముక్కలు. స్టూడియోవాళ్ళు వాళ్ళ ఛానెల్లో పెట్టుకున్నారు. ఆ తల్లి కళ్ళల్లో గర్వం తప్ప వేరే ఏమీ లేదు. నేను చివరిదాకా చూశాను. అయ్యాక శ్రీజ వైపు చూశాను. ఆ పిల్ల నన్ను చూడటం లేదు, ఫోనును చూస్తోంది.

జ్యోతి చాయ్ గ్లాసులు లోపల పెట్టడానికి వెళ్ళినప్పుడు శ్రీజను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. మెల్లగా చెప్పింది. ఎవడో ఆ వీడియోలోంచి ఫోటోలు కత్తిరించి, ఈ పిల్ల పేరుతోనే ఖాతా తెరిచాడు. ఆ ఖాతాలోంచి వీధిలో మగపిల్లలకు ఏవేవో మెసేజీలు. ఆ తర్వాత వీళ్ళమ్మ ఫోనుకే, నువ్వు వేరే ఫోటోలు పంపకపోతే ఇంకా పాడుచేస్తానని బెదిరింపులు. అమ్మ కంటపడకుండా ఆ పిల్ల పొద్దున్నే లేచి వాటిని తుడిచేస్తోంది. ఒక్క ఫోటో కూడా పంపలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. మరి అమ్మకెందుకు చెప్పలేదమ్మా అన్నాను.

“ఆ వీడియో చూసినప్పుడల్లా అమ్మ ఖుషీగుంటది మేడం. ఎట్ల చెప్పాలె?”

తల్లిని ఏడిపించకూడదని పిల్ల ఒక్కతే మోసింది. నాకు ఏడుపొచ్చింది గానీ ఆపుకున్నాను. నేను చెప్పనా మీ అమ్మకు, నీ ఎదురుగానే, అని అడిగాను. తలూపింది. జ్యోతి వచ్చాక మెత్తగానే చెప్పాను, మెత్తగా చెప్పే విషయం కాకపోయినా. ఆ వీడియో కింద జనం రాసిన మాటలు ఆమె ఎప్పుడూ చదవలేదట. ఎంతమంది చూశారన్న అంకె ఒక్కటే చూసుకునేది. ఇప్పుడు చదివింది. రెండు మూడు చదివి ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది. అరవలేదు, పిల్లను ఒక్క మాట అనలేదు. కూతురి చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయింది. తర్వాత నాతో అంది.

“వచ్చిన చుట్టాల దిష్టి తగులుతదని ఆ దినం మా అత్త ఉప్పు మిరపకాయలు దిప్పి పొయ్యిల ఏసింది మేడం. గా ఫోన్ల చూసెటోళ్ళ దిష్టి ఎవలు దియ్యాలె?”

ఆ మాట విన్నప్పటినుంచి నాకు అదే ఆలోచన. మనమూ అంతే కదక్కా. హాలుకు వచ్చే నాలుగు వందల మందీ మనవాళ్ళే, అక్షింతలు వేసి దీవించేవాళ్ళే. వాళ్ళ చూపు తగులుతుందని భయపడి దిష్టి తీస్తాం. పేరూ ఊరూ తెలియనివాళ్ళకు మాత్రం పిల్లను మనమే తీసుకెళ్ళి చూపిస్తాం, ఎంత ఎక్కువమంది చూస్తే అంత మురిసిపోతాం. ఇందులో చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదు. ప్రేమతోనే చేస్తాం. అందుకే పిల్లలకు నోరు పెగలదు.

తర్వాత సంగతి క్లుప్తంగా రాస్తాను. వాళ్ళాయన మొదట పరేషాన్ అయిపోయి, గొడవ సద్దుమణిగేదాకా పిల్లను బడి మాన్పిద్దామన్నాడు. జ్యోతి ఒప్పుకోలేదు. తప్పు మనం చేస్తే బిడ్డను ఇంట్లో ఎందుకు కూర్చోబెట్టాలని గట్టిగా అడిగింది. ఆయన మర్నాడు కొట్టు కట్టేసి మాతో పాటు పోలీసుల దగ్గరికి వచ్చాడు. అప్పటికి వచ్చిన కొత్త మెసేజీలు తుడవకుండా ఉంచాం, అవే పనికొచ్చాయి. అక్కడి పోలీసు మేడం శ్రీజను పేరుపెట్టి పిలిచి, నువ్వు ఫోటో పంపకుండా మంచి పని చేశావమ్మా అంది. ఆ దొంగ ఖాతా మూయించారు, వాడెవడో వెతుకుతున్నారు. స్టూడియోవాళ్ళు వీడియో తీసేశారు. అయినా ఎవరెవరి ఫోన్లలో ఏమేం మిగిలిందో ఎవరూ చెప్పలేరు. అంతా సుఖాంతం అని నీకు అబద్ధం రాయను.

శ్రీజ బడికి వచ్చింది. మొదటి రోజు వాళ్ళమ్మ గేటు దాకా వచ్చి, లోపలికి పోయేదాకా నిలబడి చూసింది. గొంతు బొంగురుపోయిన ఆ అబ్బాయి, ఎవరూ చెప్పకుండానే, తన నోట్సు తెచ్చి శ్రీజ డెస్కు మీద పెట్టి వెళ్ళాడు. ఈ పిల్లలతో నవ్వులాటగా మొదలుపెట్టిన పాఠం వాళ్ళకు ఎంత లోతుగా ఎక్కిందో నాకు ఆ రోజు తెలిసింది. మొన్న పేరెంట్స్ మీటింగులో తల్లులతో నేను మాట్లాడాలని ప్రిన్సిపల్ గారే అడిగారు. ఈసారి తలుపు గురించి ఏమీ అనలేదు.

ఇంకొకటి చెప్పాలి. బ్లౌజు కొలతలివ్వడానికి నిన్న జ్యోతి ఇంటికి వెళ్ళాను. ఫంక్షను ఆల్బమ్ ముందేసుకుని తల్లీ కూతుళ్ళు కూర్చున్నారు. గోడకు ఒక్క ఫోటో పెట్టుకుందాం, ఏది పెట్టాలో నువ్వే చెప్పు అని జ్యోతి అడిగిందట. పూలజడ ఫోటోలన్నీ పక్కకు తోసేసి శ్రీజ ఒకటి తీసింది. అందులో జ్యోతి నోట్లో పిన్నులు పెట్టుకుని కూతురికి ఓణీ సర్దుతోంది, శ్రీజ దేనికో పగలబడి నవ్వుతోంది. జ్యోతి అందులో జుట్టు రేగిపోయి ఉంది. గిట్లున్న ఫోటో ఏందే అని సిగ్గుపడింది గానీ, కుట్టుమిషను పైన మేకు కొట్టి అదే తగిలించింది.

ఇప్పుడు మన సంగతి. నువ్వు ఏమంటావో నాకు తెలుసు. ఫ్లెక్సీ లేకపోతే బావగారి పరువేం కావాలి, వాళ్ళ అన్నగారి కూతురికి సెంటర్లో రెండు కట్టారు అంటావు. కువైట్ వదిన అలుగుతుంది అంటావు. అలిగితే ఆవిడకు విడిగా వీడియో కాల్ చేద్దాం. నేనే పక్కన నిలబడి ఫోను పట్టుకుంటాను, అమ్మ పాడే మంగళహారతితో సహా అన్నీ చూపిస్తాను. ఫోటోలు తీయించు, ఎన్ని కావాలంటే అన్ని తీయించు, ఆల్బమ్ మాత్రం బీరువాలో ఉండాలి. స్టూడియోవాళ్ళకు ముందే గట్టిగా చెప్పు, మా పిల్ల ఫోటో ఎక్కడా పెట్టడానికి వీల్లేదని. బావగారితో నేను మాట్లాడమంటే మాట్లాడతాను. ఆయన నా మాట వింటారు, నీ మాట వినరని నువ్వే అంటుంటావు కదా. లంగా ఓణీ నేను ఇక్కడ జనరల్ బజార్లో చూశాను, చిలకపచ్చ మీద చిన్న బుటా. లాస్య రంగుకు బాగుంటుంది. కొనేముందు దాని ఇష్టం అడుగుదామని ఆగాను.

మంగళవారం సాయంత్రం.

అక్కా, పైదంతా రాసి కవరులో పెట్టి అంటించబోయేలోపు ఈవేళ లాస్య ఫోను చేసింది. నువ్వు కార్డులు పంచడానికి వెళ్ళావట, ఫోను ఇంట్లో వదిలేశావట. ముందు దాని చదువూ, పక్కింటి కుక్కపిల్లా అన్నీ చెప్పింది. నేనూ వింటూ ఉన్నాను. లంగా రంగు అడుగుదామని నోరు తెరిచేలోపు, “పిన్నీ, ఇది మళ్ళీ వస్తుందా?” అంది.

ఏది నాన్నా అన్నాను. అప్పుడు గొంతు తగ్గించి చెప్పింది. వాళ్ళ క్లాసులో పిల్ల ఎవరో ప్రతి నెలా వస్తుందని చెప్పిందట. ఇది నమ్మలేదు.

“ఒక్కసారే అనుకున్నాను పిన్నీ. ఫంక్షను చేస్తున్నారు కదా.”

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఎందుకు అనుకోదు మరి? అన్నప్రాసన ఒక్కసారే, అక్షరాభ్యాసం ఒక్కసారే. ఇంత ఆర్భాటంగా చేస్తున్నది నెల నెలా వచ్చేదని పిల్లకు ఎలా తోస్తుంది? దాని భయమంతా ఆ స్టేజీ గురించి. అందరూ చూస్తుండగా, లైవు నడుస్తుండగా, కొత్త లంగాలో అలా అయిపోతే ఏం చెయ్యాలని. నీ ఫోనులో వెతికిందట. ఏవేవో బొమ్మలు వచ్చాయట, భయమేసి మూసేసిందట. రెండు రోజులుగా సరిగ్గా నిద్రపోవడం లేదట. అమ్మనడగలేకపోయావా అంటే, అమ్మ చాలా సంతోషంగా తిరుగుతోంది పిన్నీ అంది. శ్రీజ నోట్లోంచి ఊడిపడ్డట్టు అదే మాట.

ఫోనులో చెప్పగలిగినంత చెప్పాను. ఇది జబ్బు కాదనీ, నెల నెలా వస్తుందనీ, మొదట్లో ముందూ వెనకా అవుతుందనీ, ఆ రోజు వచ్చినా ఏమీ కాదనీ, పక్కనే నేనుంటాననీ చెప్పాను. అది ఊఁ కొడుతూ విన్నది. ఈ సంగతి మీ అమ్మకు రాయనా అని అడిగాను. రాయి పిన్నీ, నాన్నకు తెలియకుండా అంది. పెట్టేసే ముందు మెల్లగా అంది: “ఊళ్ళో అందరికీ చెప్పారు పిన్నీ. నాకే ఎవరూ చెప్పలేదు.”

నిన్ను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదక్కా. తల్లికి నోరు రాదు, పిన్నికి సులువుగా వస్తుంది, అంతే. నా రోజున అమ్మ నన్ను చాప మీద కూర్చోబెట్టి నువ్వుల చిమ్మిలి పెట్టిందే గానీ ఒక్క ముక్క చెప్పలేదు. పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చోబెట్టి నాకన్నీ చెప్పింది నువ్వు. అప్పటికి నీకే పదిహేనేళ్ళు. నీకు ఎవరు చెప్పారో నేను ఇన్నేళ్ళూ అడగలేదు. ఎవరూ చెప్పి ఉండరని ఈవేళ తోచింది.

అమ్మకు నా పాదాభివందనాలు, బావగారికి నమస్కారాలు చెప్పు. మీ మరిది అందరినీ అడిగినట్టు చెప్పమన్నారు. మీ పెద్దవాళ్ళ దీవెనలు మాకెప్పుడూ ఉండాలి. నేను ఫంక్షనుకు రెండు రోజుల ముందే వస్తాను. లాస్యను మాత్రం దీవించి ఊరుకోకక్కా. ఈ ఉత్తరం అందిన రోజే దాని పక్కన కూర్చుని అన్నీ చెప్పు.

ఎప్పటికీ నీ చెల్లెలు,
భారతి